సొరపిల్ల గుండె

ఉత్పలకి ఆకలి వేయడం మొదలైన రోజున ఆ ఇంట్లో చిన్న పండగే చేసుకున్నారు.

తొమ్మిదేళ్ల పిల్ల. పొద్దున్న లేస్తూనే వంటింట్లోకి వచ్చి, "మామ్మా, ఇవాళ ఇడ్లీలు ఎన్ని వేశావు?" అని అడిగింది. అప్పలనరసమ్మ చేతిలో గరిట చేతిలోనే ఉండిపోయింది. రెండేళ్లుగా మనవరాలి నోట అలాంటి మాట ఆవిడ వినలేదు. రెండు ఇడ్లీలు పెడితే ఒకటిన్నర వీధికుక్కకి పోయేది. ఆ రోజు నాలుగు తిని, ఇంకోటి ఉందా అంది. అప్పలనరసమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, కొడుకుని అప్పటికప్పుడు బజారుకి తరిమింది. సన్యాసిరావు ఓడరేవులో క్రేను నడుపుతాడు. ఓడల్లోంచి బొగ్గు ఎత్తిపోసే మనిషి, ఆ పూట కిలో నాటుకోడి మాంసం ఉన్న సంచీని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని తెచ్చాడు. డ్యూటీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"మీ ఆవిడ చేప మందు పనిచేసిందిరా," అంది అప్పలనరసమ్మ.

"సొరలకి మంత్రసాని కదే అమ్మా! పనిచెయ్యకేటి?" అన్నాడు సన్యాసిరావు. పెళ్లయిన దగ్గర్నుంచీ భార్యని అలా ఏడిపించడం అతనికి అలవాటు. దమయంతి ఎప్పుడూ కసురుకునేది. ఆ రోజు మాత్రం నవ్వింది.

నవ్వక ఏం చేస్తుంది? ఆ మందు తయారుచేసింది ఆమే.

రెండేళ్ల కిందట అందరి పిల్లలకీ వచ్చే గొంతునొప్పే ఉత్పలకీ వచ్చి తగ్గింది. తర్వాత మోకాళ్లు వాచాయి. అవీ తగ్గాయి. అంతా అయిపోయిందనుకున్నారు. కానీ ఆ జబ్బు పోతూ పోతూ పిల్ల గుండెలోంచి పెద్ద నాళంలోకి రక్తం వెళ్లేచోట ఉండే కవాటాన్ని పాడుచేసి పోయింది. కవాటమంటే మూడు పల్చటి జేబులు. రక్తం ముందుకి పోతున్నప్పుడు గోడకి అతుక్కుంటాయి. వెనక్కి జారబోతే ఆ రక్తంతోనే నిండి, ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేస్తాయి. ఉత్పలకి ఆ జేబులు ముడుచుకుపోయాయి. గుండె తోసిన రక్తంలో సగం మళ్లీ గుండెలోకే వచ్చి పడేది. బడి మెట్ల దగ్గర పిల్ల ఆగి, గోడ పట్టుకుని నిలబడేది. కృత్రిమ కవాటం పెట్టవచ్చు గానీ, పిల్లతోపాటు అది పెరగదు. నాలుగైదేళ్లకొకసారి గుండె కోసి మార్చాలి. బతికినన్నాళ్లూ రక్తం గడ్డకట్టకుండా మందులు మింగాలి.

దమయంతి పని చేసే పరిశోధనాలయం భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా ఉంది. ఆమె చదువంతా సొరచేప గుడ్ల మీదే సాగింది. ఒళ్లంతా చారలుండే ఒక చిన్నజాతి సొర గుడ్లు పెడుతుంది. పాత తోలు పర్సులా ఉంటుంది ఆ గుడ్డు. దాని పక్కన బ్లేడుతో చిన్న కిటికీ కోసి, గాజుపలక అతికిస్తే లోపల పిల్ల కనిపిస్తుంది. వేలెడంత ఉంటుంది, పొట్ట దగ్గర దారంతో పచ్చసొన సంచికి కట్టేసి ఉంటుంది. గొంతు కింద ఎర్రటి చుక్క కొట్టుకుంటూ ఉంటుంది. అదే గుండె.

సొర గుండెకి ముందు ఒక గొట్టం ఉంటుంది. మనిషికి ఆ చోట ఒకే వరస జేబులు. సొరకి వరస వెనక వరస. పిండం ఎదిగేటప్పుడు ఆ గొట్టం లోపలి గోడమీద ముందు జిగురు ముద్దలు లేస్తాయి. తర్వాత ఒక్కో ముద్దా లోపల్నుంచి తొలుచుకుపోయి జేబు అవుతుంది. ఒక వరస తయారవగానే దాని పక్కన ఇంకో వరస మొదలు. ముద్దని లేవమనీ, తొలుచుకోమనీ చెప్పే రసమేదో పదిహేనేళ్లు వెతికి దమయంతి పట్టుకుంది. లాబులో దానికి 'తొలుపు' అని పేరు పెట్టారు. పాడైన కవాటం మొదట్లో ఆ తొలుపుని సన్నని గొట్టంతో వేస్తే, మనిషి గుండె తన కండతో తనే కొత్త జేబులు కట్టుకుంటుంది. పిల్లతోపాటు అవీ పెరుగుతాయి.

కిందటేడు వేట నిషేధం రోజుల్లో తొలిజట్టు పిల్లలకి ఆ మందు వేశారు. అందరూ తీరం వెంట ఉండే మత్స్యకారుల పిల్లలు. ఆ రోజులే ఎందుకంటే, వేట సాగే కాలంలో తండ్రి సముద్రం మీద, తల్లి చేపల బజారులో ఉంటారు. ఆసుపత్రిలో పిల్లాడి పక్కన కూర్చునేవాళ్లుండరు. నిషేధం పెట్టాక పడవలు ఒడ్డున ఉంటాయి, మనుషులు ఇంట్లో ఉంటారు. అది మంచి ఏర్పాటని అందరూ మెచ్చుకున్నారు. పిల్లలకి బలానికని వారం వారం గుడ్లు, పాలపొడి, పప్పు సంచిలో వేసి ఇచ్చారు. ఏడాది గడిచింది. పిల్లలందరికీ ఒకే వరస, ముచ్చటగా మూడు జేబులు. రెండో జట్టుకి అనుమతి రాగానే దమయంతి, "ముందు నా పిల్లకి," అంది. మిగతా పిల్లల్ని కొన్నాళ్లు ఆగమన్నారు.

అలా ఉత్పలకి ఆకలి వచ్చింది. అప్పలనరసమ్మ కూర్చున్నచోట కూర్చోలేదు. పొద్దున్న ఇడ్లీ, పదింటికి సున్నుండ, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం పాలు, రాత్రి మళ్లీ అన్నం. పిల్లకి బుగ్గలు వచ్చాయి. గౌన్లు బిగుతయ్యాయి. ఆ బుగ్గలు చూసుకుని ఆ ఇంట్లో అందరూ మురిసిపోయారు.

డాక్టర్ విశ్వంభర్ మాటకారి. స్కాన్ చేస్తూ పిల్లలకి కబుర్లు చెబుతాడు. ఆ రోజూ, "ఏవమ్మా, మీ మామ్మ నీకు పెట్టినవి నాక్కూడా పంపమను," అంటూ ఉత్పల ఛాతీమీద పరికరం పెట్టి తెరకేసి చూశాడు. తర్వాత మాట ఆగిపోయింది. పరికరాన్ని కాస్త జరిపి చూశాడు. ఉత్పలని బయట నాన్న దగ్గరికి పంపించాడు.

"మేడమ్, కవాటం బ్రహ్మాండంగా ఉంది. దాని పక్కన ఇదేంటో చూడండి."

దమయంతి చూసింది. చూడగానే తెలిసిపోయింది. పదిహేనేళ్లుగా గాజుపలక వెనక రోజూ చూసేవే. గోడమీద చిన్న చిన్న జిగురు ముద్దలు, వరసగా లేస్తున్నాయి.

"రెండో వరస," అంది.

తర్వాతి స్కాన్‌కి అవి జేబులయ్యాయి. ఆ తర్వాతి స్కాన్‌కి మూడో వరస లేచింది. రక్తం పోవాల్సిన దారి సన్నబడుతోంది. సొర గొట్టం అన్ని వరసల్నీ మోయడానికే పుట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల నాళానికి అంత చోటు ఎక్కడిది? ఉత్పలకి మళ్లీ ఆయాసం మొదలైంది. ఆకలి మాత్రం తగ్గలేదు.

"కోసి తీసెయ్యలేమా డాక్టర్ గారూ?"

"తీస్తాం. గాయం మానాలంటే అక్కడ జిగురు ఊరుతుంది కదా. మీ తొలుపు ఒంట్లో ఉన్నంతకాలం ఆ జిగురు కూడా జేబే అవుతుంది." విశ్వంభర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇలాగే సాగితే దారి మూసుకుపోతుంది మేడమ్. ఎక్కువ రోజులు లేవు. సొరకి ఆగుతాయి కదా? ఎలా ఆగుతాయో మీరే చెప్పాలి."

అవి ఆగడం దమయంతి ఎన్నడూ చూడలేదు. ఎవరూ చూడలేదు. లాబులో ఒక పద్ధతి ఉంది. పిల్ల గుడ్డు చీల్చుకుని బయటికి రావడానికి వారం ముందే దాన్ని బయటికి తీసి మందుసీసాలో వేసేస్తారు. ఈదే పిల్లని పెంచాలంటే పెద్ద తొట్లు కావాలి, మేత కావాలి. అయినా కవాటాలు ఎలా పుడతాయన్నదే తమ పని, ఎప్పుడు ఆగుతాయన్నది ఎవరూ అడగలేదు. సృష్టి రహస్యం కనిపెట్టానని ఊరేగిన మనిషి, కథ సగంలో పుస్తకం మూసేసి లేచిపోయిందన్నమాట! తనమీద తనకే అసహ్యం వేసింది దమయంతికి.

ఆ విడత గుడ్లని సీసాల్లో వెయ్యకుండా వదిలేసింది. పిల్లలు తోలు చీల్చుకుని బయటికొచ్చాయి. తొట్టి అడుగున, చారల ఒంటితో, కళ్లు తెరుచుకుని పడుకున్నాయి. పొట్టలో ఇంకా కాస్త పచ్చసొన మిగిలి ఉంది. దేన్నీ వేటాడడం లేదు, నోరు కూడా తెరవడం లేదు. ఇంట్లో పిల్ల పరిస్థితి అలా ఉండగా, ఆకలితో పడి ఉన్న ఆ ప్రాణుల్ని చూడడం దమయంతి వల్ల కాలేదు. రొయ్యలు మెత్తగా నూరి, చుక్కల గొట్టంతో నోట్లో వేసింది. అన్నిటికీ వెయ్యడానికి తీరిక చాలక కొన్నిటిని అలాగే వదిలేసింది.

మేత పెట్టినవి ముందు చలాకీగా ఈదాయి. తర్వాత ఒక్కొక్కటే అడుగుకి చేరి, మొప్పలు గబగబా కొట్టుకుంటూ చచ్చిపోయాయి. కోసి చూస్తే గుండె ముందు గొట్టం నిండా జేబులే. సూది మొన దూరే సందు లేదు. మేత పెట్టనివి బతికే ఉన్నాయి. పొట్టలు లోపలికి పోయి, పీక్కుపోయినా బతికే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని కోసి చూసింది. లెక్కకి సరిపడా వరసలు కట్టుకుని, ఆగిపోయి ఉన్నాయి. అంచులు గట్టిపడి, పని ముగిసిన కుట్టులా ఉన్నాయి.

దమయంతి స్టూలు మీద కూలబడింది. పచ్చసొన అయిపోయాక, మొదటి వేట దొరికేలోపు సముద్రంలో ప్రతి సొరపిల్లా కొన్నాళ్లు పస్తుంటుంది. ఆ పస్తే తొలుపుని కరిగించి కవాటాలని ఆగమంటుంది. తిండి దొరికినంత కాలం అవి పెరుగుతూనే ఉంటాయి.

ఆ మాట అర్థమయ్యాక ఆమెకి రెండో మాట తోచింది. మరి తొలిజట్టు పిల్లలకి ఎలా ఆగాయి?

మత్స్యకారుల పాలెంలో నూకాలు ఇంటికి వెళ్లేసరికి ఆమె గుమ్మం ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. తొలిజట్టులో మొట్టమొదట మందు వేసింది ఆమె కొడుకు ఎల్లాజీకే. వాడు అరుగుమీద కూర్చుని పళ్లెంలో అన్నం కలుపుకుంటున్నాడు. దమయంతిని చూసి లేవబోతే వద్దంది.

"నూకాలమ్మా, బాబుకి మందు వేశాక ఇంట్లో ఏం పెట్టావు?"

"మీరిచ్చినవే ఎట్టినానమ్మా. గుడ్లూ, పాలూ... అన్నీ తిన్నాడు గదా," అంది నూకాలు. చెయ్యి మాత్రం చేపల మీద ఆగిపోయింది.

"రోజూ తిన్నాడా?"

"తిన్నాడమ్మా. ఆస్పత్రిలో అప్పుడే సెప్పినాను గదా."

దమయంతి ఆమె పక్కన ఇసకలో కూర్చుంది. "నా కూతురికి అదే మందు వేశాను. చచ్చిపోతోంది నూకాలమ్మా. నిన్నేం అనను. నిజం చెప్పు."

నూకాలు కొడుకుని లోపలికి వెళ్లమంది. వాడు వెళ్లాక మిగిలిన చేపలు తిరగేసింది.

"ఇంట్లో నలుగురు గుంటలమ్మా," అంది చివరికి. "ఒకడికి గుడ్డెట్టి, ముగ్గుర్ని సూత్తా కూకోమంటే ఏ తల్లి వల్లవుద్ది? మీ సంచి రెండు పూటలకే అయిపోనాది. వేట నేదు. ఆడి అయ్య దగ్గర పైసా నేదు. ఎల్లాజీగాడు గంజి తాగేవోడు. కొన్నాళ్లు అదీ నేదు, నీళ్లు తాగి తొంగున్నాడు. తిన్నాడని నానే అబద్ధం సెప్పీసినాను. నిజం సెప్తే సంచి ఆపెత్తారేమోనని బయమేసినాదమ్మా."

"మిగతా ఇళ్లల్లో?"

"ఏ ఇంట్లో ఉందమ్మా కూడు, ఆ రోజుల్లో?"

సభల్లో దమయంతి చప్పట్లు కొట్టించుకున్న ఫలితమంతా ఈ పాలెం పిల్లల పస్తుల మీద నిలబడింది. వాళ్లని కాపాడింది తన మందు ఒక్కటే కాదు. వాళ్ల తల్లులు ఒప్పుకోవడానికి సిగ్గుపడిన ఆకలి కూడా. ఆ ఆకలిని ఆమె ఏడాదిపాటు తన గొప్పగా చెప్పుకుంది. సిగ్గుతో ఆమె మొహం మండిపోయింది. నూకాలు మంచినీళ్లు తెచ్చి ఇస్తే తాగి, లేచి వచ్చేసింది.

ఇంట్లో సంగతి చెప్పినప్పుడు సన్యాసిరావు మొదట నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"పిల్లని మాడ్చి బతికించడమేటి? మతుండే మాటాడుతున్నావా?"

"నీళ్లు, ఉప్పు ఇస్తాం. గుండె కనిపెట్టుకుని డాక్టర్ గారు పక్కనే ఉంటారు. ఒంట్లో కొవ్వు కరిగి, పస్తు గుండెదాకా తెలియాలి. అప్పుడే ఆగుతుంది."

"అంతవరకూ పిల్ల ఆగుతాదా?"

"తెలీదండీ," అంది దమయంతి. "తింటే మాత్రం కచ్చితంగా పోతుంది. ఇంకో దారుంటే చెప్పండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

అప్పలనరసమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నీ చేత్తో నువ్వు అన్నం మానిపిస్తావేటే? నీ కడుపున పుట్టిందే అది!" అని, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆసుపత్రిలో గది ఇచ్చారు. మొదట్లో ఉత్పల అన్నం ఎప్పుడు పెడతారని అడిగింది. తర్వాత బతిమాలింది. "ఒక్క ముద్దమ్మా. పెరుగన్నం కాదు, ఉత్తన్నమే. ఉప్పు కూడా వద్దు." ఏడ్చింది. ఏడవడానికి ఓపిక చాలక మానేసింది. పళ్లు తోముకునే పేస్టు తియ్యగా ఉంటుందని మింగడం మొదలుపెడితే, దమయంతి దాన్నీ దాచేసింది. ఇంట్లో ఇవాళ ఏం వండారో చెప్పమని సన్యాసిరావుని అడిగింది పిల్ల. అతను ఏదో ఒకటి చెప్పలేక, కారిడార్‌లోకి వెళ్లి గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. దమయంతి మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. తను కదిలితే పిల్లకి అన్నం పెట్టేస్తానని ఆమెకి తెలుసు.

నాలుగో వరస ముద్దలు లేచి ఆగాయి. విశ్వంభర్ స్కాన్ చూసి, మొదటిసారి కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. "పనిచేస్తోంది మేడమ్. ఇంకొన్నాళ్లు ఓర్చుకోవాలి," అన్నాడు.

తర్వాతి స్కాన్‌లో అవి మళ్లీ పెరిగి ఉన్నాయి. ముందుకన్నా వేగంగా పెరిగాయి.

దమయంతి పిల్ల మంచం మొత్తం వెతికింది. దిండు గలీబు లోపల, కుట్టు విప్పిన చోట, గుడ్డలో మూటకట్టిన తాటిబెల్లం ముక్కలు దొరికాయి. స్నానం చేయించే వేళకి వచ్చి వెళ్తున్న అప్పలనరసమ్మ అక్కడే ఉంది.

"ఎంత పెట్టాను? వేలెడు ముక్క," అంది ఆవిడ. "బెల్లం ముక్కకి ఏమవుద్దే? పిల్ల పెదాలు ఎండిపోయి నన్ను చూసి నవ్వింది. నా ప్రాణం ఆగలేదు. నన్నేం చేస్తావో చెయ్యి."

ఎవర్నేం చెయ్యగలదు? అత్తగారిని ఇంటికి పంపించేసింది. తర్వాత? ఉత్పలకి నర్సులు ఉన్నారు, పక్కగదివాళ్లు ఉన్నారు, తండ్రి ఉన్నాడు. ఎవరో ఒకరి ప్రాణం ఆగదు. పిల్ల నోటికి కాపలా కాయడం బయటివాళ్లతో అయ్యే పని కాదు. ఆ కాపలా పిల్లే కాసుకోవాలి. అలా అనుకుని, దమయంతి లాబుకి వెళ్లి రెండు గాజు సీసాలు, భూతద్దం తెచ్చింది.

మంచం మీద ట్రే పెట్టి, రెండు సొరపిల్లల గుండెలు పిల్లకి చూపించింది.

"ఇది రొయ్యలు తిన్న చేప. చూశావా, లోపల ఎన్ని తలుపులో? రక్తం పోవడానికి సందు లేదు. ఇది ఆకలి ఓర్చుకున్న చేప. చూడు, ఇక్కడ ఆగిపోయాయి." ఉత్పల భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. "నీ గుండెలోనూ అంతే. నువ్వు తిన్న ప్రతి ముద్దకీ లోపల ఇంకో తలుపు మొలుస్తుంది. ఎవరు పెట్టినా తినకూడదు. మామ్మ పెట్టినా, నాన్న పెట్టినా. ఏం కాదు, తినమ్మా అంటారు. నమ్మకూడదు. నేను ఏడుస్తూ పెట్టినా తినకూడదు. అర్థమైందా?"

"బెల్లం తిన్నందుకు మొలిచాయా?"

"మొలిచాయి."

ఉత్పల కళ్లు పెద్దవయ్యాయి. తన ఛాతీమీద చెయ్యి వేసుకుంది. ఆ భయం చూసి కూడా దమయంతి ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. ఆ భయం కోసమే కదా ఆ సీసాలు తెచ్చింది.

ఆ తర్వాత పిల్ల తిండి అడగలేదు. ఒకసారి సన్యాసిరావు తట్టుకోలేక, గుప్పిట్లో జీడిపప్పు పట్టుకుని మంచం దగ్గరకి వెళ్తే, మొహం గోడవైపు తిప్పేసుకుంది. అతను తిరిగొచ్చి భార్యకి చెప్పి ఏడ్చాడు. దమయంతి, "మంచిదే," అంది.

పిల్ల ఎముకల పోగైంది. రెండుసార్లు గుండె తడబడితే విశ్వంభర్ పరుగున వచ్చి నిలబెట్టాడు. చివరికి ఒక మధ్యాహ్నం అతను స్కాన్ తెరని దమయంతివైపు తిప్పాడు. అరకొరగా లేచిన ముద్దలన్నీ కరిగిపోయాయి. అదనంగా మొలిచిన జేబులు ఎండి గోడకి అంటుకుపోయాయి. మొదటి వరస ఒక్కటే, మూడు జేబులు, నిండుగా తెరుచుకుని నిండుగా మూసుకుంటున్నాయి. తొలుపు ఆనవాలు రక్తంలో ఎక్కడా లేదు. ఇంక ఎంత తిన్నా మొలిచేది లేదు.

దమయంతి డాక్టర్ చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఇంటికి తీసుకొచ్చాక అప్పలనరసమ్మ పల్చగా రాగిజావ కాచింది. గిన్నె చల్లార్చి, చెంచాతో దమయంతికి ఇచ్చింది. తను పెడితే బాగుండదని ఆవిడకే తోచింది.

ఉత్పల నోరు తెరవలేదు.

"అయిపోయిందమ్మా. మందు మొత్తం పోయింది. ఇంక మొలవవు. తాగు."

"నువ్వే చెప్పావు కదా, నువ్వు పెట్టినా తినొద్దని."

"అప్పుడు చెప్పాను. ఇప్పుడు తినొచ్చు. ఏం కాదు."

"ఏం కాదనే అంటారని కూడా చెప్పావు," అంది పిల్ల. మొండితనం లేదు ఆ గొంతులో. నేర్చుకున్న పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పింది.

స్కాన్ బొమ్మలు చూపించింది దమయంతి. పిల్ల వాటిని చూసి, "ఇవి ఎవరివి?" అంది. తండ్రి దండం పెట్టాడు. మామ్మ తన మీద ఒట్టేసుకుంది. సెలైను ఎక్కిద్దామని గుచ్చితే, అందులో తిండి కలిపారేమోనని సూది పీకేసుకుంది. ఆసుపత్రిలోని మనసు డాక్టరు వచ్చి ఆటలాడిస్తూ అడిగాడు. ఆయనకి అన్నీ చక్కగా జవాబులు చెప్పి, ఆయనిచ్చిన బిస్కెట్టుని బల్లమీద పెట్టేసింది.

విశ్వంభర్ ఫోన్ చేశాడు. "మేడమ్, మిగతా పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఈసారి మనకి ఎప్పుడేం చెయ్యాలో తెలుసు. ఉత్పలకి మీరు చెప్పారే, తలుపుల మాట, అది బ్రహ్మాండంగా పనిచేసింది. వీళ్లకీ అలాగే చెబుదాం. కాస్త బొమ్మలు గీసి పెట్టగలరా?"

దమయంతి ఫోన్ పెట్టేసింది.

ఆ పూట ఇంక ఆగలేక సన్యాసిరావుని పిలిచింది. అతను పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని రెండు చేతులూ పట్టుకున్నాడు. దమయంతి ఒక చేత్తో పిల్ల దవడలు నొక్కి, రెండో చేత్తో చెంచా దూర్చింది. పిల్ల గింజుకుంది. "వద్దమ్మా, చచ్చిపోతానమ్మా," అంది. అన్నం కోసం బతిమాలినప్పటికన్నా ఎక్కువగా బతిమాలింది. ముక్కు మూస్తే గుటక పడింది. ఒక చెంచా, ఇంకో చెంచా. గిన్నెలో సగం అయ్యాక దమయంతి ఆగింది. ముగ్గురూ ఏడుస్తున్నారు. సన్యాసిరావు చేతులు వదిలేశాడు.

ఉత్పల ఒళ్లోంచి దిగి పరుగెత్తింది. హాలు దాటి, వంటిల్లు దాటి, పెరటి మెట్లు రెండేసి చొప్పున దిగి, గోడ పక్కనున్న తూము దాకా ఒక్క ఊపున పరుగెత్తింది. రెండేళ్లలో ఆ పిల్ల పరుగెత్తడం దమయంతి చూడడం అదే మొదటిసారి. అంత నీరసపు ఒంట్లోనూ గుండె ఎక్కడా తడబడలేదు, అడుగు ఎక్కడా ఆగలేదు. వెనక నిలబడిన దమయంతికి ఒక్క క్షణం, మిగతాదంతా మరిచిపోయి, సంతోషం వేసింది.

తూము దగ్గర ఉత్పల గొంతులో వేళ్లు పెట్టుకుంది. అంతా అయ్యాక మూతి తుడుచుకుని, మెట్లెక్కి తిరిగొచ్చింది. ఆయాసం కూడా లేదు. ఏడుస్తున్న తల్లి నడుం చుట్టూ చెయ్యి వేసింది.

"ఏడవకమ్మా," అంది ఓదారుస్తూ. "మొత్తం కక్కేశాను. ఇంకేం మొలవదు."